శేషన్న మామ మెదడు బొమ్మ

ఆదోని,
8 జూలై 2024

వీరత్తకు,

నేను హాస్టల్లో ఉన్నప్పుడు వారానికొక కార్డు రాసి నన్ను నిలబెట్టినదానివి నువ్వు. ఇప్పుడు మన రెండూళ్ల మధ్య గంట ప్రయాణమే, అయినా ఉత్తరమే రాస్తున్నాను. మీ ఇంట్లో ఫోను మామ జేబులో ఉంటుంది. ఎవరు చేసినా స్పీకరు పెట్టి వీధి వీధంతా వినిపిస్తాడు. ఇది నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి.

నేను పనిచేసే స్కానింగు సెంటర్లో బెంగళూరు డాక్టర్లు ఒక అధ్యయనం మొదలుపెట్టారు. అరవై దాటినవాళ్ల మెదడును ఎమ్మారై మిషనుతో బొమ్మ తీస్తారు. మెదడు పైభాగం బూడిదరంగు, ఆలోచనలన్నీ అక్కడ. లోపలి భాగం తెలుపు. ఒక చోటి కబురు ఇంకో చోటికి మోసే సన్నటి పోగులు లక్షలకొద్దీ అందులో ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ ఆ పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి. బీపీ ఉంటే ఇంకా ముందుగానే. అవి ఎంత దెబ్బతింటే మతిమరుపు ఎంత వస్తుందో చూడటమే ఈ పని. బొమ్మతో పాటు జ్ఞాపకశక్తి పరీక్ష కూడా ఉంటుంది. అది పెట్టేది నేనే. మీకు ఖర్చేమీ లేదు.

నువ్వూ మామా ఇద్దరూ రావాలి. పోయినసారి కనబడినప్పుడు మారుతి బావ, "నాయిన ఈ మధ్య ఇంటి దారి కూడా మర్చిపోతాండాడు నందినీ" అన్నాడు. నిజమా అత్తా? నిజమైతే దాచకు. ముందుగా తెలిస్తే కొంతైనా అడ్డం వేయొచ్చు.

మిషను దగ్గరికి లోహం పోకూడదు. మెట్టెలు, కమ్మలు, తాళి తీసి పెట్టాలి. ఇది చదవగానే నువ్వు తిట్టే తిట్లు నాకు ఇక్కడికే వినబడుతున్నాయి.

నీ మేనకోడలు
నందిని

ఎమ్మిగనూరు,
15 జూలై 2024

నందినమ్మకు అత్త రాసేది.

తిట్టినాను, బాగానే తిట్టినాను. నలభై అయిదేండ్లుగా మెడలోంచి తీయని తాళిని ఒక మిషను కోసం తీయాలా? పక్కింటి ఇందిరమ్మను అడిగితే, "పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టుకొని పో, అదీ తాళే గదా" అనింది. అట్లే వస్తాను.

మతిమరుపు ఎవరికి లేదు చెప్పు? మొన్న మీ బావ గుడికాడ చెప్పులు మర్చిపోయి ఉత్తకాళ్లతో ఇంటికొచ్చినాడు. వానికీ తీస్తావా బొమ్మ? మీ మామ ఈ పొద్దుకీ తెల్లారేసరికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. చారల దుప్పట్లు నేస్తాడు. ఎర్ర చార, నల్ల చార, పచ్చ చార, ఒక్కటి తప్పదు. కావాలంటే వచ్చి చూసుకో.

నీకు చెప్తే నాకు కొంచెం బరువు దిగుతుంది కాబట్టి చెప్తాండా. మారుతి కన్ను ఆ గుంట మీద పడింది. "నాయినకు ఇంక చేత కాదు, గుంట పూడ్చి కుట్టుమిషన్లు పెడతా" అంటాడు. నువ్వు పరీక్ష పెడతావని తెలిసినాక, "నందిని పరీక్షలో నాయిన పాసైతే మగ్గం జోలికి రాను, తప్పితే పూడుస్తా" అని తేల్చేసినాడు. మీ మామ లేసి పోయి గుంటలో కూర్చున్నాడు. ఆయన అన్న మగ్గం అమ్మేసినాక ఏమైనాడో నేను కండ్లారా చూసినా. ఆ గోడకు మొగం పెట్టి పడుకున్న మనిషి మళ్లీ లేయలే. ఈయనకు ఆ గతి పట్టనియ్యను.

కాబట్టి వస్తాం. ప్రశ్నలు కష్టంగా ఉంటాయా? నీ పరీక్షలప్పుడు పెరుగన్నం కలిపి నోట్లో పెట్టింది నేను, అది మర్చిపోవద్దు.

మారుతి కూతురు జ్యోతికి నాలుగేండ్లు నిండినాయి. తాత భుజం దిగదు.

వీరమ్మ

ఆదోని,
12 ఆగస్టు 2024

అత్తా,

కుదురుగా కూర్చొని రాయలేకపోతున్నాను. మీరిద్దరూ వచ్చినప్పుడు తీసిన మామ బొమ్మల మీద బెంగళూరు వాళ్ల మాట వచ్చింది. నిదానంగా చదువు.

మామ మెదడులో తెల్ల మచ్చలు చాలా ఉన్నాయి. రెండు వైపులా ఒకదాంతో ఒకటి కలిసిపోయి పెద్దవయ్యాయి. పోగుల వెంట నీరు ఎటు కదులుతుందో చూపే బొమ్మ ఇంకొకటి తీస్తాం. అందులోనూ మామ పోగులు చాలాచోట్ల వదులైపోయినట్టు కనిపిస్తోంది. ఇలాంటి బొమ్మ ఉన్న మనిషి మామూలుగా పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి చెప్పలేడు. కానీ మామ? ఐదు మాటలు చెప్పి, పది నిమిషాలాగి అడిగితే, గొడుగు, జొన్నలు, అద్దం, రైలు, కుంకుమ అని వేళ్లు మడుస్తూ వరసగా చెప్పేశాడు! నువ్వూ చెప్పావనుకో, కానీ నీ బొమ్మ నీ వయసుకు తగ్గట్టు శుభ్రంగానే ఉంది. మామది వింత.

పెద్ద డాక్టరమ్మ స్వయంగా ఫోను చేసి, "ఆయన ఏం పని చేసేవారు?" అని అడిగింది. చేనేత, ఇప్పటికీ నేస్తాడు అన్నాను. యాభై ఏళ్లకు పైగా కాళ్లూ చేతులూ కళ్లూ లెక్కా ఒక్కసారే ఆడించిన మనిషి కాబట్టి, మెదడు తెగిన పోగులను వదిలేసి వేరే దారులు చేసుకుని ఉంటుందేమోనని ఆమె అనుమానం. నవంబరు చివర బెంగళూరులో జరిగే సభలో మామ గురించి నన్నే మాట్లాడమంది. నన్ను అత్తా! డిప్లొమా చదివిన నన్ను!

బావకు అప్పుడే ఫోను చేసి చెప్పాను, మామ పాసయ్యాడని. మగ్గం ఇంక ఎవరూ కదిలించలేరు. బీపీ మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా మాన్పించొద్దు.

నందిని

ఎమ్మిగనూరు,
22 ఆగస్టు 2024

నందినీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. తెల్ల మచ్చలని రాసినావు. తెలుపు మంచిదే గదా? మా ఇంట్లో నూలు ఎంత తెల్లగుంటే అంత మేలు. ఇంతకీ అది మంచిదా చెడ్డదా, సరిగా రాయి.

బెంగళూరులో మాట్లాడాల్సిందేనా? అంత పెద్దోళ్ల ముందర మా ఇంటాయన సంగతి ఎందుకు? ఇంకొక ముసలాయన దొరకడా నీకు? గోనెగండ్లలో బసన్న ఉండాడు. తొంభై ఏండ్లు. తాత పేరు, ముత్తాత పేరు, చిన్నప్పటి ఎద్దుల పేర్లు కూడా చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు. ఆయప్పను తీసుకుపో.

మారుతి మాట మీద నిలబడినాడు, మగ్గం దిక్కు చూడలే. అంతటితో ఆగింటే బాగుండు. "నాయినకు ఏం కాలేదు గదా" అని పెండ్లాం స్వప్నను కుట్టుపనికి పంపించి, జ్యోతిని పగలంతా తాతకు అప్పజెప్పినాడు. నేను వద్దంటి. "నందిని మిషను పెట్టి చూసి చెప్పింది, నీకేం తెలుసు మ్మా, గమ్మునుండు" అనె. గమ్మునుండాను. వాళ్లిద్దరి వెంబడి తిరిగేదే నా పని ఇప్పుడు.

మాత్రలు నేనే చేతిలో వేసి, మింగేదాకా చూస్తాండా.

వీరమ్మ

ఆదోని,
3 సెప్టెంబర్ 2024

అత్తా,

నీకు దిష్టి భయమని నాకు తెలుసులే. సభలో పేరు చెప్పరు, ఊరు చెప్పరు, నంబరు ఒక్కటే. మామ నలభై ఒకటి. నలభై ఒకటికి దిష్టి ఎవరు పెడతారు?

తెలుపు సంగతి నేనే సరిగా రాయలేదు. లోపలి భాగం తెల్లగా ఉండటం మంచిదే, కానీ ఈ బొమ్మలో మెరిసే మచ్చ మంచిది కాదు. అక్కడ పోగులు చెడ్డాయని గుర్తు. అయినా మామ విషయంలో భయపడకు, మార్కులు చూశాం కదా.

ఒక సాయం చెయ్యి. మామ మగ్గం మీద ఆ రంగుల వరస ఎట్లా గుర్తుపెట్టుకుంటాడో పక్కన కూర్చొని చూసి, నాలుగు ముక్కలు రాసి పంపు. సభలో అదే చెప్తాను.

నందిని

ఆదోని,
4 నవంబర్ 2024

అత్తా,

నా సెప్టెంబరు ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. పండగ పనులేమో అనుకున్నాను. ఇప్పుడు నేను ఏ మొహంతో రాస్తున్నానో నాకే తెలీదు.

నిన్న బావ ఫోను చేశాడు. మొన్న శనివారం మామ జ్యోతిని తీసుకొని సంతకు పోయి, ఒక్కడే తిరిగొచ్చాడట కదా. "పాప యాడ?" అని స్వప్నక్క అడిగితే "యా పాప?" అన్నాడట. మూడు గంటలు వెతికారట. ఉల్లిగడ్డలమ్మే సిద్దమ్మ, ఏడుస్తున్న పిల్లను తన సంచి మీద కూర్చోబెట్టుకొని కాపాడింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో.

"నీ మిషను తగలబెట్టు. బాగుండాడని నువ్వు సెప్తివి, నీ మాట నమ్మి నా బిడ్డను ఇస్తిని" అన్నాడు బావ. నేను ఏమని అంటాను? బొమ్మ నిజమే చెప్పింది. నా కళ్ల ముందే మచ్చలు అంతంత పెట్టుకొని, నేను మార్కులను నమ్మాను. పరీక్షలో ఎక్కడో తప్పు చేసి ఉంటాను. మామ కాబట్టి, పాస్ కావాలన్న ఆశతో, నాకు తెలీకుండానే నేను అందించానేమో కూడా.

ఇంక ఈ పని నాకు తగదు. గురువారం డాక్టరమ్మ వస్తుంది, మానేస్తానని చెప్పేస్తాను. నన్ను క్షమించు అత్తా. స్వప్నక్క కాళ్లు పట్టుకుంటానని చెప్పు.

నందిని

ఎమ్మిగనూరు,
6 నవంబర్ 2024

నందినీ,

పని మానొద్దు. ఇది అంతా చదివేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దు. పోస్టులో వేస్తే ఆలస్యమైతాదని బస్సు కండక్టరు తిమ్మప్ప చేతికిచ్చి పంపిస్తాండాను.

తప్పు నీది కాదు. నాది.

పరీక్షకొచ్చిన ఆ పొద్దు నన్ను ముందర పిలిచినావు. నేను నీ ఐదు మాటలూ చెప్పి బయటికొస్తి. మిషను ఖాళీ లేదని మీ మామను గంటసేపు కూర్చోమనిరి. ఎదురుగా టీ అంగడి. ఆడ కూర్చోబెట్టి, ఒక్కో వేలికి ఒక్కో మాట నేర్పినా. బొటనవేలు గొడుగు, చూపుడువేలు జొన్నలు, అట్లా. నెల పేరు, వారం పేరు, ముఖ్యమంత్రి పేరు, అన్నీ. ఎన్నిసార్లు చెప్పించినానో లెక్క లేదు. ఆయన టీ ముట్టలే. వేళ్లు చూసుకుంటా లోపలికొచ్చినాడు. వేళ్లు మడుస్తా వరసగా చెప్పినాడని రాసినావే, అవి నా మాటలు.

అది దొంగతనమని నాకప్పుడు తోచలేదు నందినీ. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. మగ్గం ఒక్కరి పని కాదు. ఆయన నేస్తాడు, నేను నూలు కండెలు చుట్టి అందిస్తాను, పెండ్లయినప్పటి నుంచి అదే. రెండేండ్లయింది ఆయనకు రంగుల వరస పోయి. పోగును అటూ ఇటూ తోసే నాడె చేతిలో పట్టుకొని, ఎర్ర చార తర్వాత ఏ రంగో తెలీక అట్లే కూర్చుండిపోతాండె. ఆ కూర్చున్న తీరు చూడలేక, కండెలను రంగుల వరసలోనే ఆయన ఎడమ చేతికాడ పేర్చి పెట్టేది మొదలుపెట్టినా. అయిపోతానే పక్కది తీసుకుంటాడు. చార తప్పదు. ఆయన నన్నేమీ అడగలే, నేనేమీ చెప్పలే. ఎట్లా గుర్తుపెట్టుకుంటాడో రాయమంటివే, ఇట్లా. కండెలు అందించినట్టే మాటలు అందించినా. అది ఇంత దూరం పోతాదని ఎవరికి తెలుసు?

నువ్వు సంతోషంగా రాసినప్పుడు నాకు దొంగకు తేలు కుట్టినట్టాయె. చెప్తామంటే గుంట పూడుస్తారు. చెప్పకపోతే నువ్వు బెంగళూరులో నవ్వులపాలైతావు. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అంటా వచ్చినా. శనివారం నేను నూలు కోసం నేతగాళ్ల సంఘానికి పోయినా. అర్ధగంటే. ఆ అర్ధగంటలోనే అంతా అయిపాయె.

ఈ పొద్దు మారుతికీ స్వప్నకూ అంతా చెప్పేసినా. వాడు నన్ను కొట్టలే, అంతే. స్వప్న బిడ్డను ఎత్తుకొని పుట్టింటికి, తుగ్గలికి ఎల్లిపాయె. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడరు. మాట్లాడితే తిట్టేదానికే. మీ మామ ఒక్కడే నా పక్కన కూర్చొని, "ఏమాయె? ఎందుకు అరుస్తాండారు?" అని అడుగుతాడు. చెప్తాను. కాసేపటికి మళ్లీ అడుగుతాడు.

వీరమ్మ

ఆదోని,
11 నవంబర్ 2024

అత్తా,

పని మానలేదు. డాక్టరమ్మకు నిజం చెప్పాను. సభలో మాట్లాడేది రద్దు. నలభై ఒకటో నంబరు మార్కులు కొట్టేశారు. "ఇంకెంతమంది ఇట్లా నేర్చుకొని వచ్చారో ఎలా తెలుస్తుంది నందినీ?" అని ఆమె అడిగింది. ఇప్పుడు అందరికీ మళ్లీ పరీక్ష పెట్టాలి.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. రాయకుండా ఉండలేను. ఆగస్టులో ఒక్క ముక్క చెప్పి ఉంటే మామను డాక్టరు కనిపెట్టుకొని ఉండేవాడు, ఇంట్లో జాగ్రత్త పడేవాళ్లు, జ్యోతి ఆ మూడు గంటలు సంతలో ఏడ్చేది కాదు. దాచకు అని నేను అడిగాను కదా? నీకు మగ్గం కనబడింది, పాప కనబడలేదా? నేను చదివిన చదువు నీ కార్డుల వల్లే అని ఊరంతా చెప్పుకొని తిరిగాను. ఆ చదువు నోట్లోనే మట్టి కొట్టావు.

నా తప్పు కూడా ఉంది. భార్యాభర్తలకు వేరువేరు మాటలు అడగాలని నియమం. మన ఇంటివాళ్లే కదా అని ఒకే కాగితం వాడాను.

మామను 25వ తేదీ సోమవారం తీసుకురా. మళ్లీ పరీక్ష పెట్టాలి, ఈసారి చికిత్స కోసం. నువ్వు బయటే కూర్చోవాలి.

నందిని

ఎమ్మిగనూరు,
18 నవంబర్ 2024

నందినీ,

నువ్వు అన్నదాంట్లో ఒక్కటీ తప్పు లేదు. ఇంకా నాలుగు అన్నా పడేదాన్నే.

సోమవారం వస్తాం. మారుతి కూడా వస్తానన్నాడు, నా మీద నమ్మకం లేక. దావలో ఆయనకు ఒక్క మాట కూడా నేర్పను. వానిని మా ఇద్దరి నడమ కూర్చోమంటాను.

పరీక్ష తప్పుతాడని నాకు తెలుసు. తప్పితే గుంట పూడుస్తారనీ తెలుసు. నేను ఇంక అడ్డం పడను. ఒక్కటే అడుగుతాండా. లోపల ఆయన తడబడితే గట్టిగా మాట్లాడొద్దు. భయపడతాడు. నేను పక్కన లేకుండా ఆయన యాడా కూర్చోలేదు ఈ మధ్య.

వీరమ్మ

ఆదోని,
26 నవంబర్ 2024

అత్తా,

నిన్న నీతో సరిగా మాట్లాడలేకపోయాను. బావ ఉన్నాడు, మామ నీ చెయ్యి వదల్లేదు. లోపల ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

గట్టిగా మాట్లాడలేదు. మామ నన్ను "మేడం" అన్నాడు. ఎత్తుకొని తిప్పిన నన్ను. ఏ నెల అంటే నవ్వాడు. ఏ ఊరు అంటే కిటికీలోంచి చూసి ఎమ్మిగనూరు అన్నాడు. కొత్త ఐదు మాటలు చెప్పాను. తాళం, వేపపుల్ల, కుర్చీ, ఏనుగు, ఉప్పు. పది నిమిషాల తర్వాత అడిగితే చేతులు ముందు పెట్టుకొని వేళ్లు చూసుకున్నాడు. ఒక్కటీ రాలేదు. తలుపు వైపు చూసి, "మా ఇంటామెను పిలువు మేడం, ఆమెకు తెలుసు" అన్నాడు. పిలవకూడదు మామా అన్నాను. సరేనని తలూపాడు.

బొమ్మ చెప్పిందే నిజం. ఇది తగ్గేది కాదు. బీపీ అదుపులో ఉంటే, రోజూ నడిపిస్తే, ముదరడం కొంత నెమ్మదిస్తుందేమో, అంతే. ఒంటరిగా వీధిలోకి పంపొద్దు, పిల్లను అప్పజెప్పొద్దు, అత్త పక్కనుంటే మగ్గం మీద మాత్రం కూర్చోనివ్వు అని బావకు చెప్పాను. సరే అనలేదు, కాదనీ అనలేదు. స్వప్నక్క ఇంకా నా ఫోను ఎత్తడం లేదు.

నేను రాసిన మాటల్లో కొన్ని తిరిగి తీసుకోలేను అత్తా. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

పరీక్షలో చివరి పని ఒకటుంది. కాగితం ఇచ్చి, మీకు తోచిన వాక్యం ఒకటి రాయండి అంటాం. ఆగస్టులో మామ తన పేరూ ఊరూ రాశాడు. అదీ నువ్వు నేర్పిందేనేమో. నిన్న పెన్ను పట్టుకొని చాలాసేపు ఊరికే ఉన్నాడు. రాయలేకపోతే వద్దులే మామా అన్నాను. వినలేదు. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసి, కాగితం నా వైపు తిప్పాడు.

"మా వీరమ్మను తిట్టొద్దండి."

ముప్పైకి మామకు ఏడు వచ్చాయి. వాక్యానికి అర్థం ఉంటే ఒక మార్కు వేయాలని నియమం. వేశాను.

నందిని